మూడో సిలిండరు

నీళ్లు తాగని బండి ఇది.
రేడియేటరు లేదు కాబట్టి
ఆవిరి కక్కి మొరపెట్టుకోవడం రాదు దీనికి.
గాలి తాగి బతుకుతుంది.
వెనక డొక్కలో ఒక పంకా,
పంకాకి ఒక బెల్టు, బెల్టుకి ఒక దేవుడు.

అరవై ఏడు నాటి బీటిల్.
దిరె దావాలో ఒక రైల్వే గుమాస్తా దగ్గర కొన్నాను,
పంతులమ్మ జీతంలో ఏళ్లుగా మిగిల్చిందంతా ఇచ్చి,
పైన ఒక కుట్టు మిషను కూడా ఇచ్చి.
ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన దీపాలు రెండే:
ఎర్రది, ఆకుపచ్చది.
ముఫ్తా మేస్త్రీ వాటిని చూసి నవ్వాడు.
"ఇవి వెలిగేది కబురు చెప్పడానికి కాదు బెళైనెష్,
జనాజాకి పిలవడానికి."

రేకు కోసి స్టీరింగు పక్కన
మూడు గడియారాలు బిగించాడు.
ఒకటి నూనె వేడికి. ఒకటి నూనె ఒత్తిడికి.
మూడోది మూడో సిలిండరు తలకి.
దానికి రావలసిన గాలిలో సగం
అడ్డంగా కూర్చున్న ఆయిల్ కూలరే తినేస్తుందట.
నలుగురు పిల్లలున్న ఇంట్లో మూడోవాడు
ఎప్పుడూ కాస్త ఆకలితో,
ఎప్పుడూ కాస్త కోపంగా.

పొద్దున్నే నూనె తీగపాకం.
ఒత్తిడి ముల్లు పెళ్లికొడుకులా నిటారు.
కొండ మొదలయ్యేసరికి మజ్జిగ తేట,
ముల్లు నడుం వంచుతుంది. అది జబ్బు కాదు.
"వెయ్యి చుట్లకి పది ఉండాలి" అన్నాడు ముఫ్తా,
"అది లేకపోతే బండిలో నువ్వూ ఉండకు."

ఆడపడుచు జినాష్, ఒళ్లో గుడ్ల అట్టతో,
"మా అన్నని కూడా ఇంత కనిపెట్టి చూడలేదు నువ్వు" అంది ఒకసారి.
అని, నాలుక కరుచుకుంది.
నిజమే.
ఆయన ఒత్తిడి ఎక్కడా కనపడలేదు.
ఆయనా దీపం వెలిగాకే చెప్పాడు.

ఆ ఆదివారం హరార్ పోతూ
దెంగెగో మలుపుల్లో, లారీ వెనక లారీ.
దీపాలు రెండూ ఆరే ఉన్నాయి.
ఇంజను పాట మారలేదు, వాసనా లేదు.
మూడో ముల్లు మాత్రం రెండొందలు దాటింది.
రెండొందల ఇరవై. ముప్పై.
దాని వెంట నూనె వేడి, బద్ధకంగా,
చుట్టం తోడు తెచ్చుకున్న చుట్టంలా.
ఆ వెనక ఒత్తిడి మెట్లు దిగడం.
గేరు తగ్గించాను. తగ్గలేదు.
జినాష్ మాట మధ్యలో ఆగింది.

ఆపి మూత ఎత్తితే
పంకా నోటికి అతుక్కుని ఒక నీలం సంచి.
ఖాట్ ఆకు కట్టిచ్చే సంచి,
ఈ దారిలో ప్రతి ముళ్లకంపకీ పూసే పువ్వు.
కింద రబ్బరు అంచు చిరిగిన చోటునుంచి
లోపలికి పీల్చుకుంది.
ఆ చిరుగు నాకు తెలుసు.
ముఫ్తా రెండుసార్లు చెప్పాడు.
రెండుసార్లూ వచ్చే నెల అన్నాను.

నా చెయ్యి దూరలేదు.
నాగజెముడు పళ్లమ్మే కుర్రాడొకడు
కాలుతుందిరా అనేలోపే మోచేతి దాకా దూర్చి
సంచి లాగి, దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.
పనికొస్తుందట.
తర్వాత కిటికీలోంచి తొంగి చూశాడు:
"మూడు గడియారాలుండి
ఒక్కదాంట్లోనూ టైం లేదేంటి?"

తాళం తీసేశాను కదా,
రెండు ముళ్లు సున్నా మీద పడుకున్నాయి.
మూడోది పడుకోలేదు.
దానికి బ్యాటరీ అక్కర్లేదు,
సిలిండరు వేడే దాని కరెంటు.
అడిగేవాళ్లు లేకపోయినా చెబుతూనే ఉంటుంది:
రెండొందల పది. నూట తొంభై.

జినాష్ గుడ్లు లెక్కపెట్టింది. ఒకటి చిట్లింది.
ముళ్లు గీకిన పళ్లు ఆరు కొని,
కుర్రాడికి రెండిచ్చి,
బండి నీడలో కూర్చుని తిన్నాం ముగ్గురం,
గింజలు లోయలోకి ఉమ్ముతూ,
నూట ముప్పై దాకా.